దారిలో ఉన్న దీవి

మా అల్లుడు గరాజ్‌లోంచి నా పెద్ద సూట్‌కేసు తీసి తడిగుడ్డతో తుడుస్తుంటే నాకు మొదటి అనుమానం తగిలింది. ఐదు రోజుల ప్రయాణానికి అంత పెట్టె ఎందుకు? "చక్రాలు ఎలా ఉన్నాయో చూద్దామని, అత్తయ్యా," అన్నాడు, నేను అడగకుండానే. అడగకముందే జవాబు చెప్పే పిల్లల్ని బళ్ళో ముప్ఫై ఏళ్ళు చూశాను. ముందు వాళ్ళ జేబులే వెతికేదాన్ని.

ఆ ప్రయాణం సరదాకి కాదు. నాది విజిటర్ వీసా. ఆస్ట్రేలియాలో ఒక విడతకి ఆరు నెలలకి మించి ఉండకూడదు. గడువు లోపల ఒకసారి దేశం దాటి వస్తే మళ్ళీ ఆరు నెలలు ఉండొచ్చు. మా అమ్మాయి వాళ్ళుండే టూవూంబాలో నాకు తెలిసిన అమ్మమ్మలూ నాయనమ్మలూ చాలామంది ఇలా ఏదో ఒక దీవికి వెళ్ళి, పూలదండ వేసుకుని ఫొటో దిగి వచ్చినవాళ్ళే. న్యూజిలాండ్‌కి నాకు వేరే వీసా కావాలి, పైగా అక్కడ ఇంతకన్నా చలి. ఇక మిగిలినవి బాలీ, ఫిజీ.

మా అమ్మాయి ఇక్కడి ఆస్పత్రిలో నర్సు. దాని షిఫ్టులకీ, మూడేళ్ళ మనవరాలికీ మధ్య వంతెన వేద్దామని నేను రాజమండ్రి నుంచి వచ్చాను. వచ్చి అయిదు నెలలు దాటింది. ఇక్కడ నడి చలికాలమైన జులై నాటికి ఈ కొండమీది ఊళ్ళో చలి ఎముకల్లోకి దిగింది. దగ్గు పట్టుకుని వదల్లేదు. నేను దగ్గినప్పుడల్లా మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఆ చూపు నాకు నచ్చేది కాదు. దీవి నుంచి నన్ను మళ్ళీ తీసుకొస్తారా, లేక అటునుంచి అటే పంపించేస్తారా అన్నది నా బెంగ.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని. "రెండూ బీచ్‌లే కదా" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఆదివారం భోజనాల దగ్గర అల్లుడు సరిగ్గా ఆ మాటే అని, వెంటనే బాలీని ఎత్తుకున్నాడు.

"బాలీ వెచ్చగా ఉంటుంది అత్తయ్యా. ఈక్వేటర్‌కి దగ్గర. మీ దగ్గుకి మంచిది. ఫిజీ ఇంకా సౌత్‌కి ఉంది, ఈ టైంలో నైట్స్ కొంచెం కూల్‌గా ఉంటాయట."

"ఎంత చల్లన బాబూ? ఇక్కడి మధ్యాహ్నం కంటేనా?"

"పైగా ఫిజీకి సైక్లోన్స్ ఎక్కువ."

"జులైలో తుఫాను ఎవరు తెస్తారు బాబూ, మీరా? అవి వచ్చేది నవంబరు నుంచి ఏప్రిల్ దాకా."

మా అమ్మాయి నవ్వలేదు. కంచంలోకి చూస్తూ కూర్చుంది. నేను ఇంక ఆగలేదు, పాఠం అందుకున్నాను. ఫిజీ పెద్ద దీవికి ఆగ్నేయం నుంచి గాలి వస్తుంది. తూర్పు వైపు కొండలకి తగిలి వాన అక్కడే కురిసిపోతుంది. కొండలకి పడమట ఎండ, చెరకు తోటలు. మన పడమటి కనుమల్లాగే, కేరళలో కుండపోత, ఇవతల రాయలసీమలో ఎండిన నేల. విమానం దిగేది ఆ ఎండ వైపే. ఇంక దగ్గుకి వచ్చిన నష్టమేమిటి?

నిజం చెప్పాలంటే నా దగ్గుకి బాలీయే నయం. అది భూమధ్యరేఖకి ఎనిమిది డిగ్రీల దూరంలోనే ఉంది, ఫిజీ పద్దెనిమిది దాకా వెళ్తుంది. జులైలో బాలీకి వీచే గాలి ఈ ఆస్ట్రేలియా మీదుగా పోయే పొడిగాలి, అందులో తడి ఉండదు. మధ్యలో అగ్నిపర్వతాలు, వాటి దక్షిణపు వాలున మెట్లు మెట్లుగా వరిమళ్ళు. పరీక్ష పేపరైతే అల్లుడికే మార్కులు వేసేదాన్ని. కానీ అతను మాట్లాడేది వాతావరణం గురించి కాదని నాకు తెలుసు. నేనూ దాని గురించి మాట్లాడటం లేదు.

సంగతంతా పటంలో ఉంది. ఫిజీ ఇక్కడికి తూర్పున, మహాసముద్రం మధ్యలో ఉంది. అక్కడికి తీసుకెళ్తే మళ్ళీ వెనక్కి తీసుకురాక తప్పదు. బాలీ అలా కాదు. పడమటి వైపు, సరిగ్గా ఇండియా దారిలో ఉంది. గడియారం చూసినా అంతే, ఫిజీ ఇక్కడికన్నా రెండు గంటలు ముందు, బాలీ రెండు గంటలు వెనక. వెనక్కి జరిగిన ప్రతి గంటా రాజమండ్రికి దగ్గరవుతుంది. పొమ్మనలేక పొగబెట్టడం అంటారు. బాలీలో పొగబెట్టే కొండలు కూడా సిద్ధంగా ఉన్నాయి.

అనుమానం పెనుభూతమని నేనే ఎంతోమందికి చెప్పాను. అయినా దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని మేపాను. నేను హాల్లోకి వస్తే లాప్‌టాప్ మూతపడేది. వాళ్ళు గదిలో మాట్లాడుకుంటుంటే కుళాయి కట్టేసి వినేదాన్ని. మనవరాలు బొమ్మలు చూసే ఐప్యాడ్‌ని ఒకరోజు నేను తెరిచేసరికి, బాలీ నుంచి బెంగళూరుకి విమానాల జాబితా కనిపించింది. ఒక మనిషికి, ఒకవైపు టికెట్. ఇంత చాకిరీ చేయించుకుని ఇలాగా అనుకున్నాను. ఆ మధ్యాహ్నం కూరలో రెండుసార్లు ఉప్పు వేశాను.

మర్నాడు షిఫ్టు అయ్యాక మా అమ్మాయి నన్ను కారెక్కించుకుంది. ఈ ఊళ్ళో కారు లేకుండా కూరగాయలకి కూడా వెళ్ళలేం. సూపర్‌మార్కెట్‌కి అనుకున్నాను గానీ, కారు కొండ అంచుకి తీసుకెళ్ళి, కింద లోయ కనిపించేచోట ఆపింది. నేను లోయ వంక చూడలేదు.

"నన్ను పంపించెయ్యాలని ఉంటే మొహం మీదే చెప్పమను మీ ఆయన్ని," అన్నాను. "దీవులూ, ఎండలూ అని ఎందుకీ నాటకం?"

"తను కాదమ్మా. టికెట్లు సెర్చ్ చేసింది నేను. బాలీ గురించి నిన్ను కన్విన్స్ చెయ్యమన్నదీ నేనే."

"నువ్వా?" అన్నాను.

"నిన్ను డైరెక్ట్‌గా అడిగితే బానే ఉన్నానంటావ్. ఎప్పుడడిగినా అదే ఆన్సర్. అక్కడైతే వెచ్చగా ఉంటుంది, పాప పనీ ఉండదు, కూర్చోబెట్టి నెమ్మదిగా అడుగుదామనుకున్నా, వెళ్ళిపోవాలనుందా అని. ఉందంటే అక్కణ్ణుంచే ఫ్లైట్. లేదంటే నాతో వచ్చేస్తావ్."

"వెళ్ళిపోవాలని నేనెప్పుడన్నానే?"

"నీ ఫోన్ ఇలా ఇవ్వమ్మా."

ఇచ్చాను. వాతావరణం చూపించే పేజీ తెరిచి నా ముందు పెట్టింది. రాజమండ్రి, ముప్ఫై నాలుగు డిగ్రీలు, ఉక్కపోత, సాయంత్రం జల్లులు.

"ఐదు నెలలైంది. ఇందులో టూవూంబా యాడ్ చెయ్యలేదు నువ్వు. రోజూ పొద్దున్నే లేచి రాజమండ్రిలో ఎండ చూసుకుని, స్వెటర్ లేకుండా పెరట్లోకి వెళ్తావ్. దగ్గు రాక ఏమొస్తుందమ్మా?"

అది నిజం. గోదావరి గట్టు మీద నాతో నడిచే ముగ్గురు స్నేహితురాళ్ళకీ ఆ పూట గొడుగు కావాలో వద్దో నాకు తెలిసేది. నేను నిలబడ్డ నేల మీద ఎంత చలి ఉందో తెలిసేది కాదు. ముప్ఫై ఏళ్ళు పటం ముందు నిలబడి "మనం ఎక్కడున్నాం?" అని పిల్లల్ని అడిగినదాన్ని. వీళ్ళు నన్ను పంపించేస్తారని అన్ని రోజులు వాళ్ళ మీద కోపం పెంచుకున్నాను. వెళ్ళాలని ఉన్నది నాకు. ఆ మాట ఒప్పుకుంటే పసిపిల్లని వదిలేసి పోయినదాన్ని అవుతానని, నేరం వాళ్ళ నెత్తిన పెట్టాను. సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

"వెళ్ళాలని ఉందే," అన్నాను. "పాపని చూస్తే ఉండాలనిపిస్తుంది. కానీ వెళ్ళాలని ఉంది."

అది నా ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టింది. నర్సు కదా, ఏ మాటైనా మొహంలో కనిపించనివ్వదు.

"సరే అమ్మా. బాలీకే బుక్ చేస్తా. పాపని డే కేర్‌లో వేస్తాంలే, వెయిటింగ్ లిస్ట్‌లో పేరు ఉంది." కారు స్టార్ట్ చేసింది గానీ కదిలించలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, నా వైపు తిరగకుండానే అంది, "కానీ అమ్మా, నువ్వు ఫిజీ అన్నప్పుడల్లా, మళ్ళీ మా దగ్గరికే వస్తావని నాకెంత హ్యాపీగా ఉండేదో తెలుసా?"

ఆ ఇంట్లో అందరినీ, అన్నిటినీ అనుమానించాను. ఆ ఒక్కటీ నాకు తట్టలేదు.