పొగరాని పొయ్యి వచ్చిన ఏడు

మొన్న జలుబు చేసి నెల్లూరు ఆసుపత్రికి పోతే, మా మనవరాలి ఈడు డాక్టరమ్మ నా చేతికొక గొట్టమిచ్చి, గుండెల నిండా గాలి పీల్చి ఊదమంది. ఊదాను. ఇంకా గట్టిగా అంది. ఈసారి నేను ఊదిన ఊపు చూసి, ఈ వయసులో ఇంత దమ్ము ఎక్కడిదని ఆశ్చర్యపోయింది. ఊదుగొట్టంతో పెరిగిన తరం మాది తల్లీ అని నవ్వాను. ఆ పిల్లకు ఊదుగొట్టమంటే తెలియదు. మీకు చెప్పనక్కర్లేదు కదా, తడికట్టెల ముందు గొంతుక్కూర్చుని, కళ్ళు చికిలించుకుని, బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదినవాళ్ళు మీలోనూ ఉంటారు.

మాది ఇందుకూరుపేట దగ్గర, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉన్న పల్లె. అన్నీ తాటాకు ఇళ్ళే. ఎండాకాలమంతా సరుగుడు పుల్లలతో వంట హాయిగా సాగిపోయేది గానీ, మా వైపు వానలు పట్టేది అక్టోబరు దాటాక కాబట్టి, అసలు అవస్థ అప్పుడు మొదలయ్యేది. తడిసిన కట్టె మండదు, ఊరికే పొగ కక్కుతుంది, ఆ పొగకు కప్పులోని సందుల్లోంచి మెల్లమెల్లగా పోవడం తప్ప వేరే దారి లేదు. అమ్మకు దగ్గు ఆ వానలతోనే పట్టుకుని, ఫిబ్రవరి ఎండలు కాసేదాకా వదిలేది కాదు.

మా చర్చిలో కీర్తన ఎత్తుకోవాలంటే అమ్మే ఎత్తుకోవాలి. ఈస్టరు నాడు ఆమె పాడితే వీధి చివరికి వినిపించేది. క్రిస్మస్‌కు మాత్రం మూడేళ్ళుగా వెనక వరసలో కూర్చుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మేమంతా పాడుతుంటే పెదవులు కదిపేది. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది. నాన్నకూ వచ్చేదేమో, పైకి తేలనిచ్చేవాడు కాదు. ఆ ఏడు మటుకు, క్రిస్మస్ కీర్తన అమ్మచేత పాడించి తీరతానని ఇంట్లో అందరి ముందూ అనేశాడు.

అనడమే కాదు, బ్లాకు ఆఫీసు నుంచి సైకిలు మీద వచ్చే గ్రామసేవికను పిలుచుకొచ్చి పొగరాని పొయ్యి వేయించాడు. చుట్టూ మూసేసిన మట్టి పొయ్యి, పైన రెండు గిన్నెలకు రెండు కన్నాలు, వెనక కుమ్మరి చేసిన మట్టిగొట్టాలు ఒకదానిమీద ఒకటి పేర్చి, గోడలోంచి కప్పు దాటి పైకి లేపినారు. నాన్న తల్లిని మేము అవ్వ అనేవాళ్ళం, ఆవిడకు ఇదేమీ నచ్చలేదు. "పొగ తగలకపోతే తాటాకు పుచ్చిపోతాదిమే, ఏడాదికోసారి కప్పు మార్చేదెవురు?" అని అమ్మను నిలదీసింది. ఆవిడ మాటలో అబద్ధం లేదు. పొగచూరిన కప్పుకు పురుగు పట్టదు, అటక మీది విత్తనాలకూ పట్టదు. పట్టేదల్లా మనుషుల ఊపిరితిత్తులకు, ఆ సంగతి అప్పుడు మాకెవరికీ సరిగా తెలియదు.

పొయ్యి మట్టి పైపైన ఆరాక, నవంబరు నెలలో ఒక ఉదయం అమ్మ దానిమీద మొదటిసారి నెత్తళ్ళ చేపల పులుసు పెట్టింది. అవ్వ తప్పులు పట్టడానికి పక్కనే పీట వేసుకుని కూర్చుంది. లోపల అంతా చల్లగా, తేటగా ఉంది. బయటే వచ్చింది తంటా. మా ఊళ్ళో ఏ ఇంటి పొగైనా కప్పంతా పరుచుకుని పలచగా లేచేదే తప్ప, ఒకచోట నుంచి స్తంభంలా నల్లగా లేచిందంటే ఇల్లంటుకున్నట్టే లెక్క. నిప్పులేనిదే పొగ రాదు కదా! "ఇల్లు అంటుకునిందిరో!" అని మా చిన్నమ్మ పక్కింట్లోంచి పెట్టిన కేకకు వీధి వీధంతా కడవలతో వచ్చి పడింది. చిన్నమ్మకు నీళ్ళ కడవ అందక, గొడ్ల కుడితి తొట్టి ఎత్తుకొచ్చి, పొయ్యినీ పులుసునూ కలిపి ఆర్పేసింది. లోపల ఇంకా పచ్చిగానే ఉన్న మట్టి పొయ్యి ముద్దయి కూలిపోయింది. ముందు నవ్వింది అమ్మే, ఆ వెనక అందరం, కుడితిలో తడిసిన అవ్వ తప్ప.

అక్కణ్ణుంచి మళ్ళీ పాత పొయ్యే. కానీ ఒక్క పూట సుఖం అవ్వను చెడగొట్టింది. డెబ్బై ఏళ్ళు పొగలో బతికిన మనిషి రెండో రోజుకే కళ్ళు నులుముకుంటూ వంటింట్లో నిలవలేకపోయింది. మూడో నాడు ఎవరికీ చెప్పకుండా కాలవ గట్టుకు పోయి, గంపెడు బంకమట్టి నెత్తిన పెట్టుకొచ్చి, "తొక్కండి, చూస్తా ఉండారేంది?" అని మమ్మల్ని గదమాయించింది. ఆ మట్టిని చిన్నమ్మే అందరికంటే ఎక్కువ తొక్కింది, పొగరాని పొయ్యి మళ్ళీ లేచింది. కప్పు మీది దిగులు మాత్రం అవ్వకు పోలేదు, వారానికోసారి మమ్మల్నందరినీ వాకిట్లోకి తరిమి, పిడకల పొగ వేసి తాటాకుకు చూపించేది.

నెల తిరిగేసరికి అమ్మ దగ్గు మెత్తబడింది. క్రిస్మస్ నాడు ముందు వరసలో నిలబడి కీర్తన ఎత్తుకుంది. నాన్న పుస్తకం తిరగేసి పట్టుకున్నాడని తమ్ముడు చూపిస్తే, నేను నవ్వాపుకోలేక ఒక చరణం మింగేశాను. అంత సంతోషం మళ్ళీ నా పెళ్ళికి కూడా లేదు!

ఇప్పుడు మా ఊళ్ళో గ్యాసు లేని ఇల్లు లేదు, ఆడవాళ్ళు పొయ్యి దగ్గర సెల్‌ఫోను పెట్టుకుని పాటలు వింటూ వంట చేసుకుంటున్నారు, చూస్తే కడుపు నిండుతుంది. అమ్మ ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ పాడింది. కాకపోతే మా ఇంటికి ఆ పొయ్యి వచ్చేనాటికే ఆమె ఇరవై ఏళ్ళ పొగ మింగి ఉంది. పొడుగు చరణాల్లో సగానికి వచ్చేసరికి ఊపిరి చాలక ఆగిపోయేది, ఆగినచోట మేము అందుకునేవాళ్ళం. ఆ మట్టి ముద్ద ఒక పదేళ్ళు ముందు వచ్చి ఉంటే, మా అమ్మ చరణం చివరిదాకా తానే పాడుకునేది.