పేరమ్మ నవ్వకూడని నాలుగు రోజులు

పేరమ్మ అండమాన్ వెళ్లింది బాధపడడానికి. పొరపాటున సరదాపడిందో, దిమ్మ పోతుంది.

దిమ్మంటే విజయవాడ చేపల మార్కెట్లో గేటు దాటగానే ఎడంపక్కనున్న మూడో సిమెంటు అరుగు. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఆవిడ రాజ్యం అదే. కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని, కొరమేను తలకాయ తెగ్గొట్టేలోపు కొనడానికొచ్చిన మనిషి ఇంట్లో గొడవలన్నీ కూపీ లాగేస్తుంది. బెంజ్ సర్కిల్ నుంచి కార్లేసుకుని వచ్చి మరీ ఆవిడతో నాలుగు తిట్లు తిని చేపలు కొనుక్కుపోయేవాళ్లున్నారు. ఈ మధ్య మోకాళ్లు మొరాయిస్తున్నాయి. కూర్చుంటే లేవలేదు, పక్క దిమ్మావిడ చెయ్యందించాలి.

కూతురు దుర్గ గవర్నర్‌పేటలో ఆఫీసు ఉద్యోగం చేస్తుంది. దిమ్మ ఎవరికైనా ఇచ్చేసి రెస్టు తీసుకోమని రెండేళ్లుగా తల్లి ప్రాణం తీస్తోంది. రెస్టు నా ఒంటికి పడదంటుంది పేరమ్మ. ఎప్పుడు తీసుకుని చూశావని కూతురు. చివరికి అల్లుడు సూర్యప్రకాష్ మధ్యలో దూరి ఒప్పందం కుదిర్చాడు. నాలుగు రోజులు అండమాన్‌లో ఉత్తినే కూర్చోవాలి. బాగుందని పేరమ్మ నోటితో అంటే దిమ్మ వదిలేయాలి. బాగోలేదంటే దుర్గ మళ్లీ జన్మలో రెస్టు మాట ఎత్తకూడదు.

ఇంత తేలికైన బేరం పేరమ్మ ఎన్నడూ చూడలేదు. గన్నవరంలో కూతురూ అల్లుడితో విమానం ఎక్కేసరికే మొహం మాడ్చుకుని రెడీగా ఉంది.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, హేవ్‌లాక్ దీవి అస్సలు సహకరించలేదు. ఆవిడ పుట్టింది బందరు పక్కన గిలకలదిండిలో. అక్కడి సముద్రం బురదరంగులో, పని చేసుకుంటున్నట్టు ఉంటుంది. ఇక్కడిదేమో ఎవరో నీలిమందు కలిపినట్టుంది. గది ముందు రెండు కొబ్బరిచెట్ల మధ్య వల ఉయ్యాల. టీ తాగుతారా అమ్మగారూ అని సైగలతో అడిగే మనిషి. ఆవిడ పడుకుని లేచిన పక్కని ఇంకొకరు దులిపి సర్దడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. ఉయ్యాల్లో నవ్వొచ్చినప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకుంది. దుర్గ సాక్ష్యం కోసం ఫోటోలు తీస్తూనే ఉంది. అన్నిట్లోనూ పేరమ్మ పరామర్శకొచ్చిన మనిషిలాగే పడింది.

రెండో రోజు మాత్రం చెయ్యి ఊరుకోలేదు. ఇసకలో తువ్వాళ్లు పరుచుకుని విదేశీయులు వరసగా ఎండుతున్నారు. అందులో ఒక బట్టతలాయన పొద్దుట్నించీ వెల్లకిలా ఒకే పక్క కాలుతున్నాడు. ఉప్పుచేపల్ని ఎండబెట్టి పెరిగిన మనిషి, అది చూసి ఎట్లా ఊరుకుంటుంది? వేళకి తిప్పకపోతే సరుకు పాడైపోదూ? గొడుగు కొసతో ఆయన భుజం తట్టి, అరచెయ్యి తిరగేసి చూపించింది. ఆయన బుద్ధిగా బోర్లా తిరిగాడు. పక్కావిడా తిరిగింది. దుర్గ పరిగెత్తుకొచ్చి ఇంగ్లీషులో సారీలు చెప్పేలోపు పేరమ్మ వరసంతా తిప్పేసి, చివరివాడికి కాళ్లు కాస్త ఎడంగా పెట్టమని చూపిస్తోంది.

ఇన్ని చూసినా నీళ్లలోకి మాత్రం దిగలేదు. మన పడవలు సముద్రం మీద ఉండగా ఆడవాళ్లు అందులో ఆటలాడకూడదని వాళ్లమ్మ కట్టడి. చిన్నప్పుడు నాన్న, తర్వాత అన్నలు, పెళ్లయ్యాక మొగుడు, ఎప్పుడూ ఎవరో ఒకరు నీళ్ల మీదే ఉండేవాళ్లు. చేపలమ్మి సముద్రాన్ని సగం ఖాళీ చేసిన మనిషి యాభైతొమ్మిదేళ్లలో చీలమండలు దాటి తడవలేదు.

మూడో రోజు పకోడీలు తింటూ ఉండగా ఆవిడకి ఒక సంగతి తట్టింది. నాన్న లేడు. మొగుడు పోయి ఏడేళ్లు. అన్నల్లో మిగిలిన ఒక్కడూ పడవ అమ్మేసి ఇబ్రహీంపట్నంలో ఆటో తోలుతున్నాడు. సముద్రం మీద తనవాళ్లంటూ ఎవరూ లేరు. చేతిలో పకోడీ చల్లారిపోయేదాకా అట్లాగే కూర్చుంది.

తర్వాత లేచి, వంటవాడి దగ్గర కొబ్బరికాయ పుచ్చుకుని, సంచీలోంచి పసుపూ కుంకుమా తీసింది. గంగమ్మకి అన్నీ ఇచ్చి, నీళ్లు కళ్లకద్దుకుని దిగింది. మోకాళ్ల లోతుకి వెళ్లేసరికి నొప్పి తగ్గింది. నడుం లోతులో, అసలు మోకాళ్లున్నాయన్న సంగతే మర్చిపోయింది. అంతలో ఒక అల ఆవిడని ఎత్తి కుదేసి, ఒడ్డు దగ్గర కూర్చోబెట్టింది. పేరమ్మ పగలబడి నవ్వింది. మార్కెట్లో నవ్వితే రోడ్డవతల వినపడే నవ్వు అది.

తల తిప్పి చూస్తే ఒడ్డున దుర్గ, పక్కన సూర్యప్రకాష్.

"ఎట్లా ఉందమ్మా?" అంది దుర్గ, చాలా మెత్తగా.

బాగోలేదనడానికి నోరు తెరిచింది. కానీ కూర్చున్నది గంగమ్మ ఒళ్లో. అక్కడ కూర్చుని అబద్ధమాడే ధైర్యం ఆవిడకే కాదు, వాళ్ల వంశంలోనే ఎవరికీ లేదు.

"బాగుందే," అంది. "చాలా బాగుంది."

"అయితే దిమ్మ ఇచ్చేస్తున్నట్టేగా."

పేరమ్మ జుట్టు పిండుకుంది. తర్వాత కూతుర్ని వదిలేసి అల్లుడి వైపు తిరిగింది.

"బాబూ, మీరు ఇక్కడికి ఏం చెప్పి వచ్చారు ఆఫీసులో?"

"లీవు పెట్టొచ్చానండీ అత్తయ్యగారూ."

"ఉద్యోగం మానేసినోడికి లీవిస్తారా?"

సూర్యప్రకాష్ దుర్గ వైపు చూశాడు. ఇవ్వరన్నాడు.

"మరి దిమ్మ వదిలేస్తే నేను దేనికి సెలవు పెట్టి రావాలే ఇక్కడికి? పనే లేనిదానికి ఇది సరదా ఎట్లా అవుతుంది? వచ్చే ఏడు నన్ను తీసుకురావా ఏంటి?"

దుర్గ ఒప్పందం అది కాదంది. మాట తప్పుతున్నావంది. మోకాళ్ల మాటేంటని అరిచింది. అల్లుడు మాత్రం పాయింటు పాయింటేనని గొణిగి, పెళ్లాం చూసిన చూపుకి రెండడుగులు వెనక్కి వేశాడు. అరగంట బేరం నడిచింది. మార్కెట్లో పేరమ్మతో అరగంట బేరమాడి నెగ్గినవాళ్లు ఇంతవరకూ లేరు. దుర్గకి దక్కింది ఇంతే: ఇకమీదట కత్తిపీట ఎత్తైన బల్ల మీద పెట్టాలి, పేరమ్మ స్టూలు మీద కూర్చోవాలి, శనివారం, సోమవారం దిమ్మ మూసెయ్యాలి. ఆ రెండు రోజులూ చేపలు తినని ఇళ్లే ఎక్కువని పేరమ్మకి తెలుసు, దుర్గకి తెలియదు. పైగా పేరమ్మ, ఏడాదికోసారి అల్లుడికెన్ని రోజుల లీవుంటే తనకీ అన్ని రోజులు కావాలని కూడా రాయించుకుంది.

బేరం ముగిశాక భోజనానికి లేవమన్నారు. ఇంకా రోజున్నర లీవు మిగిలుందని, ఊరికే పిలిచి అది పాడుచెయ్యొద్దని చెప్పి, పేరమ్మ ఇంకో అల కోసం లోపలికి జరిగింది.