కాటా మీద ఆరని పేరు

అంబాజీపేటలో వరహాలమ్మ గారి కొబ్బరి కొట్టుకు ఎదురుగా గోనెసంచుల వ్యాపారం నాది. ఆవిడను నమ్మించడం దేవుడి తరం కూడా కాదని మా బజారులో అందరికీ తెలుసు. పాలవాడి ఎదుటే పాలలో వేలు ముంచి చూసేది. నేనిచ్చిన సంచులను ఎండకు ఎత్తిపట్టి చిల్లులు వెతికేది. ఒక్క చిల్లూ దొరక్కపోతే దానికీ అనుమానమే. భర్త పోయాక ఒంటిచేత్తో కొట్టు నిలబెట్టుకుంటూ, మోసపోయి మోసపోయి అలా తయారైందని అప్పన్న అనేవాడు. ఆవిడను వెనకేసుకొచ్చే మనిషి లోకంలో అతనొక్కడే.

అప్పన్న ఆ కొట్టులో తూకం వేస్తాడు. ఆవిడ భర్త ఉన్న రోజుల నుంచీ అదే పని. 2007లో ఆవిడ ఎలక్ట్రానిక్ కాటా కొంది. దాని చిన్న తెర మీద పసుపురంగు అక్షరాలు వెలుగుతాయి. పై వరసలో కొట్టు పేరు వేసుకోవచ్చంటే, అది వద్దని మురమళ్ళ వీరేశ్వరస్వామి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో వేయించింది. కింది వరసలో తూకం. కాటాకు బొట్టు పెట్టి మందారం పెట్టింది. మొదటి సాయంత్రం కొట్టు కట్టేస్తూ అప్పన్న స్విచ్చి తీయబోతే గయ్యిమంది.

"స్వామి పేరు ఆర్పుతావా? ఇంట్లో దీపాన్నే ఆరిందనం, కొండెక్కిందంటాం. అలా వెలగనీ."

కరెంటు పోయినా వెలగాలని పక్కన బ్యాటరీ కూడా పెట్టించింది. కొట్టుకు సెలవైన రోజున కూడా స్వామి పేరూ, దాని కింద సున్నాలూ వెలుగుతూనే ఉండేవి.

రెండేళ్ళకు తెర మసకబారింది. మామిడికుదురు రైతు సత్యం గారు కళ్ళు చికిలించి చూశాడు.

"ఇది ఎనిమిదాండి? నడుం గీత తప్ప ఏమీ అగుపించట్లేదు. సున్నాలైతే అసలే లేవు. అంకె కనపడని కాటా ఎవరి కోసమండీ?" అని బస్తాలు తిరిగి బండెక్కించాడు.

సాయంత్రానికి ఆ మాట బజారంతా పాకింది. తూకంలో ఒక్కరినీ మోసం చేయలేదన్నదే ఆవిడకున్న గర్వం. ఆ పేరు కాస్తా పోయేలా ఉంది. ఆవిడ అనుమానం తిన్నగా అప్పన్న మీదికి వెళ్ళింది.

"మొదటి రోజే స్విచ్చి మీద చెయ్యేసేవు. నేను చూడనప్పుడు ఆపుతున్నావు. లేపోతే ఎవరో చెప్తే లోపలేదో తిప్పేవు. సోమవారం మురమళ్ళ వచ్చి, స్వామి ఎదట కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యి."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కాదు అప్పన్న. భుజం మీది బస్తా నెమ్మదిగా దించాడు.

"ఆయ్, చేస్తానండి. చేసేక మటుకు మళ్ళీ మీ కొట్టు మెట్టెక్కనండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. పేరు ఆర్పకూడదన్న మనిషే కర్పూరం ఆర్పమంటోంది. సోమవారం రాకముందే అమలాపురం నుంచి కాటాలు బాగుచేసే కృష్ణమూర్తిని నేనే పిలిపించాను.

ఆవిడ కుర్చీ లాక్కుని అతని చేతుల ఎదుటే కూర్చుంది. మీటరు పెట్టి చూస్తే తెరకు కరెంటు సరిగానే వస్తోంది. మీటరు మంచిదేనా అని అడిగింది. అతను తెరకు వెళ్ళే తీగ మార్చాడు. పాత తీగ పట్టుకుపోవడానికి వీల్లేదంది. వెలుగు పెంచే మర తిప్పినా ఏమీ మారలేదు. అప్పుడు అతనికీ అనుమానం వచ్చింది.

"దీన్ని ఎప్పుడైనా ఆపుతారాండి?"

"ఎందుకాపుతాం?"

కృష్ణమూర్తి లోపలున్న ఒక బొత్తాం నొక్కి పట్టుకున్నాడు. తెరలోని చుక్కలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఆ పసుపు వెలుగులో నల్లగా వీరేశ్వరస్వామి పేరు, దాని కింద వరసగా సున్నాలు.

"ఈ రకానికి వెనక బల్బుండదండి. ఏ చుక్కకా చుక్క సొంతంగా వెలుగుతుంది, వెలిగిన కొద్దీ అరుగుతుంది. ఎప్పుడూ వెలిగేవి అరిగిపోయేయి, ఎప్పుడో వెలిగేవి బాగున్నాయి. ఎవరూ ఏమీ చేయలేదండి. ఆపకపోడం వల్లే వచ్చింది."

ఆవిడకు ఇంగ్లీషు రాదు గాని ఆ పేరు ఆకారం తెలుసు. ఆ నల్ల గీతలను వేలితో తడిమి చూసింది. ఆవిడ మొహం చూస్తే నా కోపమంతా దిగిపోయి జాలేసింది.

"అప్పన్నా, ఇలా అవుద్దని నీకా రోజే తెలుసా?"

"లేదండి. కొట్టు కట్టేప్పుడు అన్నీ తీసేస్తాం కదాని తీయబోయేను."

సోమవారం ఆవిడ ఒక్కతే మురమళ్ళ వెళ్ళొచ్చింది. కొత్త తెర వచ్చింది. పై వరస ఖాళీగా వదిలేయమంది. ఆ సాయంత్రం, "అప్పన్నా, ఇంక నువ్వు ఆపచ్చు" అంది.

అప్పన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మీరే ఆపండమ్మగారండి."

అతను పని మానలేదు. కానీ ఆ స్విచ్చి మళ్ళీ ముట్టుకోలేదు. పొద్దున్న వేయడమూ సాయంత్రం ఆపడమూ ఆవిడ పనే అయింది. ఒకసారి ఆవిడకు జ్వరమొచ్చింది. బండ్లతో వచ్చిన రైతులు ఎదురుచూస్తున్నారు. అప్పన్న మెట్ల మీద కూర్చుని ఆవిడ ఇంటికి కబురంపాడు. కాసేపటికి వరహాలమ్మ గారు దుప్పటి కప్పుకుని రిక్షాలో వచ్చి, స్విచ్చి వేసి, అదే రిక్షాలో తిరిగి వెళ్ళిపోయింది.