నేను చేయించిన రాజీ

నాకు నోరు ఎక్కువని చిన్నప్పటి నుంచీ పేరు. మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో మిషన్ స్కూలు టీచరు, ఆయన గొంతే నాకు వచ్చింది. ఆ గొంతును నమ్ముకునే నలభై దాటాక ఏలూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. కొల్లేటి లంక ఊళ్ళకు వెళ్ళి, ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్న మానవ హక్కులేమిటో ఆడవాళ్ళకు చెప్పి రావడం నా పని. ముప్పై హక్కులూ అచ్చువేసిన పోస్టరు ఇచ్చారు. దాన్ని కమ్యూనిటీ హాలు గోడకు అంటించి, ఒక్కొక్కటే చదివి వివరించాలి. బ్రహ్మాండంగా వివరించేదాన్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా!

ఒక ఊళ్ళో ముప్పై ఏళ్ళామె ఒకతె ప్రతి మీటింగులోనూ ముందు వరసలో కూర్చునేది. మొగుడు చేపల చెరువుల మీద వల లాగే పనికి వెళ్ళేవాడు. తాగేవాడు, కొట్టేవాడు. ఒకరోజు పడవ తోసే గెడతో కొడితే ఆమె కుడి మణికట్టు విరిగింది. ఆ కట్టుతోనే మీటింగుకు వచ్చి, అందరూ వెళ్ళిపోయేదాకా ఆగింది.

"మేడమ్ గారండీ, మనిషిని హింసించకూడదని చదివారు కదండీ. అది మా ఊరిక్కూడానండీ?"

"ప్రపంచమంతటికీ. మీ ఊరు ప్రపంచంలో లేదా ఏమిటి?"

"అయితే స్టేషనుకెళ్ళమంటారా అండీ?"

"వెళ్ళు. అది నీ హక్కు. ఎవడడ్డొస్తాడో నేను చూస్తాను," అన్నాను.

చూస్తానన్న మనిషిని ఆ సాయంత్రమే బస్సులో ఏలూరు, అక్కడి నుంచి రైల్లో తాడేపల్లిగూడెం ఇంటికి వచ్చేసి, వంకాయ కూర వండుకుని తిని పడుకున్నాను. నేనేం చెప్పినా, ఏం చేసినా మా వీధి కొట్టు ఆయన నాకు ఉల్లిపాయలు అమ్ముతాడు. ఆమెకు ఆ భాగ్యం లేదని నాకు తెలుసు. తెలియదని ఎవరితోనైనా అనగలను గానీ నాతో నేను అనలేను. ఆ ఊళ్ళో తగవు ఏదైనా ముందు పెద్దల ముందు పెట్టాలి. వాళ్ళను కాదని స్టేషను మెట్లెక్కిన ఇంటికి వెలి. కొల్లేటి ఊళ్ళు తిరిగేవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఈ రోజుల్లో కూడా అంత పట్టింపు ఉంటుందా అనుకున్నాను, అంతే.

ఆమె వెళ్ళింది. కేసు రాశారు. మర్నాడే ఊళ్ళో మైకులో చాటించారు: ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు, మాట్లాడినవాళ్ళు తప్పు కట్టాలి. కొట్లో సరుకివ్వలేదు. ఆటోవాడు ఎక్కించుకోలేదు. కొల్లేటి నీళ్ళు తాగడానికి పనికిరావు గనక ఊరంతా ప్లాంటు నీళ్ళే పట్టుకుంటారు, అక్కడ ఆమె టిన్నును కాలితో పక్కకు తోశారు. మొగుడు చెరువు గట్టు మీది పాకకు మకాం మార్చాడు, వాడికి మాత్రం వెలి లేదు. ఎందుకుంటుంది? వాడు స్టేషనుకు వెళ్ళలేదుగా, పెద్దమనిషి!

ఆమె కన్నతల్లిది పక్క ఇల్లే. ముసలావిడ వెలికి భయపడింది గానీ కూతుర్ని వదులుకోలేక ఒక ఉపాయం పన్నింది. మధ్యలో ఉన్న పిట్టగోడ మీద గిన్నె పెట్టి, తన గేదె వైపు తిరిగి గట్టిగా మాట్లాడేది. "ఏమే, చేపల పులుసు పెట్టాను, చల్లారకముందే తిను. చెయ్యి నొప్పి తగ్గిందా? రాత్రి జ్వరం గానీ వచ్చిందా?" గోడకవతల కూతురు కూడా తన కోళ్ళతో చెప్పేది: "తగ్గిందే. ఉప్పు కాస్త తక్కువైందే." ఫోనులో ఆమె ఈ సంగతి చెబుతుంటే నేను పగలబడి నవ్వాను. ఆమె కూడా నవ్వింది. నవ్వాక అంది: "మనిషనేవాడు నా మొహం చూసి మాట్లాడి ఇరవై రోజులైందండీ. ఆ గేదె బతుకే నయమండీ."

నేను ఊరుకోలేదు, ఆ మాట నా తరఫున చెప్పుకోవాలి. అర్జీలు రాశాను. ఒక ఆఫీసులో రశీదు ఇచ్చారు, ఇంకో ఆఫీసులో ఆ రశీదు జిరాక్సు అడిగారు. వెలి వేసినట్టు కాగితం ఏదైనా ఉందా మేడమ్ అన్నారు ఒకరు. వెలి వేసేవాడు కాగితం రాసిస్తాడుటండీ!

ఈలోగా గేదె కబుర్లు బయటపడ్డాయి. గేదెతో మాట్లాడినా మాట మాటేనని పెద్దలు తేల్చారు. మళ్ళీ జరిగితే ముసలావిడకూ వెలేనన్నారు. గోడ మీద గిన్నె ఆగిపోయింది. ఆ రోజు ఆమె ఫోనులో మొదటిసారి ఏడ్చింది.

"మా అమ్మ మనుషులు లేకుండా ఒక్కరోజు బతకలేదండీ. మీరు పెద్దలతో మాట్లాడండి. నన్ను ఊళ్ళో ఉండనిస్తే చాలండీ. కేసు మాత్రం తీసెయ్యమనకండి, మీకు దణ్ణం పెడతాను. తీసేస్తే ఈసారి రెండో చెయ్యి విరగ్గొడతాడండీ."

అంత స్పష్టంగా చెప్పింది. ఇందులో నాకు అర్థం కానిదేమీ లేదు.

మా డైరెక్టరు గారికి చెప్పాను. ఆయన క్యాలెండరు వైపు చూశారు. డిసెంబరు పది, మానవ హక్కుల దినం. మాకు నిధులిచ్చే విదేశీ సంస్థ మనిషి ఆ రోజు అదే ఊరికి వస్తోంది. అది మా ఆదర్శ గ్రామం మరి. "వెలి ఉన్న ఊళ్ళో ఫంక్షనేం చేస్తామండీ? మీరు మాటకారులు, ఎలాగోలా రాజీ చేయించండి," అన్నారు.

ఊరి పెద్దాయన మహా మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించి, టీ తెప్పించి మొదలుపెట్టాడు.

"మేడమ్ గారండీ, మీ హక్కులంటే మాకూ గౌరవమేనండీ. పోస్టరు పెట్టుకోనిచ్చామా లేదా? కాకపోతే ఊరన్నాక ఒక మాట మీద ఉండాలండీ. ఆ పిల్ల కేసు తీసేసుకుని, నేలకు నుదురు ఆనించి, మా అయిదుగురి కాళ్ళూ పట్టుకుంటే అక్కడితో సరండీ. ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే కదండీ."

టీ గ్లాసు విసిరికొట్టి లేచి రావలసింది. మొత్తం తాగాను, అల్లం బాగా పడింది. ఆమె ఇంటికి వెళ్ళి, "ఒక్క నిమిషం పనమ్మా. కళ్ళు మూసుకుని కానిచ్చెయ్యి, మీ అమ్మ కోసం," అన్నాను.

"మరి ఆయన్నేం చేస్తారండీ?"

"మళ్ళీ చెయ్యి ఎత్తనని అతని చేత కాగితం రాయిస్తాను."

రాయించలేదు. అడిగితే, మొగుడూ పెళ్ళాల మధ్య కాగితాలేంటండీ అని పెద్దలు నవ్వారు. కేసు వద్దనే కాగితం మాత్రం నేనే రాశాను, నా గుండ్రటి అక్షరాలతో. ఆమె ఎడమచేత్తో వేలిముద్ర వేసింది.

హాల్లో ఊరంతా చేరింది. అయిదుగురు పెద్దలూ కుర్చీల్లో కూర్చున్నారు, వెనక గోడకు నేను అంటించిన పోస్టరు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది గానీ, విరిగిన చెయ్యి ఊతం ఇవ్వక నేల దాకా వంగలేకపోయింది. నేనే వెళ్ళాను. మోచెయ్యి పట్టుకుని, వీపు మీద చెయ్యి వేసి వంచాను. ఒక్కొక్క కుర్చీ దగ్గరా పట్టుకుని లేపి, మళ్ళీ వంచాను. అయిదుసార్లు. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, సిగ్గుతో చస్తున్నాను.

వెలి తీసేశారు. డిసెంబరు పదిన పెద్దాయన స్త్రీల హక్కుల మీద పావుగంట మాట్లాడాడు. నిజం చెప్పొద్దూ, నాకన్నా బాగా మాట్లాడాడు. విదేశీ ఆవిడ చప్పట్లు కొట్టింది. రిపోర్టులో 'సంభాషణ ద్వారా పరిష్కారం' అని రాసి, పెద్దాయనా, ఆయన కాళ్ళు పట్టుకున్న మనిషీ పక్కపక్కన నిలబడ్డ ఫోటో వేశారు. ఆ రిపోర్టు రాసిందెవరో వేరే చెప్పాలా?

మరుసటి వేసవిలో భీమడోలు స్టేషనులో రైలు దిగుతుంటే ఆమె బెంచీ మీద కనిపించింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. ఎడమచేతికి మోచేతి దాకా కొత్త కట్టు, కుడి మణికట్టు వంకరగా అతుక్కుని ఉంది. పక్కన బట్టల సంచీ. ఎక్కడికమ్మా అంటే, తణుకులో పిన్ని ఉందండీ, కొన్నాళ్ళు అక్కడుంటానండీ అంది. నాకు ఒళ్ళు మండింది. వాడి మీదో, ఊరి మీదో, ఇంకెవరి మీదో అప్పుడు ఆలోచించలేదు. ఆమె మీదే అరిచాను.

"ఇంత జరిగితే నాకొక్క ఫోను చెయ్యలేకపోయావా? నా నంబరు నీ దగ్గర లేదా? నేను చచ్చానా?"

ఆమె లేచి నిలబడింది. కోపం లేదు, మాట మెత్తగానే ఉంది. ఎప్పటిలాగే మర్యాదగా చెప్పింది.

"మీకు చెబితే మళ్ళీ అంత దూరం వచ్చి నన్ను వంచాలి కదండీ. ఈసారి రెండు చేతులూ లేవు, మీకు బరువవుతానండీ."