గంటసేపు కూర్చుంటేగానీ చెప్పలేను

మావయ్యకి ప్రపంచంలో ప్రతిదాని మీదా అభిప్రాయం ఉంది, ఇళ్ళ మీద తప్ప. ఇంటి మాట వచ్చిందంటే, ఆ ఇంట్లో గంటసేపు కూర్చుంటేగానీ నోరు విప్పడు. కూర్చున్నంతసేపూ ఇంటివాళ్ళు బయటికి వెళ్ళిపోవాలి. బస్సు కండక్టరుగా ముప్పయ్యేళ్ళు నిలబడి ఉద్యోగం చేసినవాడు కదా, రిటైరయ్యాక ఇలా కసి తీర్చుకుంటున్నాడని చుట్టాలు సరిపెట్టుకున్నారు. అలాంటి మనిషి, సరిగ్గా ఇళ్ళ గొడవ మీద జరుగుతున్న నగర కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడ్డాడు.

గొడవ చిన్నదేం కాదు. వార్డులో లిఫ్టు లేని నాలుగంతస్తుల పాత ఫ్లాట్లు ఆరు బ్లాకులున్నాయి. వాటిని కూల్చి పెద్ద టవరు కట్టాలా వద్దా అన్నది కొత్త కౌన్సిలరు మాట మీద తేలుతుంది. టవరొస్తే సొంతదార్లకి కొత్త ఫ్లాటు, అద్దెకున్నవాళ్ళకి రోడ్డు. మావయ్య మేనకోడలు మూడో బ్లాకులో ఇద్దరు పిల్లలతో అద్దెకుంటోంది. అందుకే ఇన్సూరెన్సు ఆఫీసుకి పదిహేను రోజులు సెలవు పెట్టి, ప్రచారం భారమంతా నెత్తినేసుకుంది.

మొదటిరోజే తల పట్టుకుంది. పలుకుబడి ఉన్న ముప్పై ఇళ్ళ లిస్టు ఆయన చేతికిస్తే, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, లిస్టులో లేని ఒక నాలుగో అంతస్తు ఇంటి తలుపు కొట్టాడు. తడిచేతులతో ఒకావిడ తీసింది.

"మీ ఇల్లు చూడాలమ్మా. గంట పడుతుంది. మీరలా బయటికెళ్ళి రండి."

"నేనెందుకండీ వెళ్ళడం?"

"ఇంటివాళ్ళుంటే నాకు ఇల్లు అర్థం కాదు."

"లోపల మా మావగారు మంచంమీదున్నారండీ."

"ఆయన ఉండొచ్చు. నాకేం అడ్డం రారు."

ఆవిడ ఒకసారి మేనకోడలి వంక, ఒకసారి మెట్ల వంక చూసింది. చెప్పులేసుకుని, ఈయన ఎక్కడ మనసు మార్చుకుంటాడో అన్నట్టు గబగబా దిగిపోయింది.

"ఓట్లడగమంటే ఓటర్లని తరిమేస్తారేంటి మావయ్యా?"

"వస్తుందిలే అమ్మడూ. ఇల్లిక్కడే ఉందిగా."

ఆ పదిహేను రోజులూ అదే వరస. ఓటరు వీధిలో, అభ్యర్థి ఇంట్లో. లోపల మంచంమీద ఎవరున్నా వాళ్ళకి పేపరు పైకి చదివి వినిపిస్తూ, వాళ్ళ తిట్లు తింటూ కులాసాగా కూర్చునేవాడు. మేనకోడలు నెత్తీ నోరూ బాదుకుని, కరపత్రాలు ఒక్కతే పంచుకుంటూ తిరిగింది.

స్కూలు హాల్లో అభ్యర్థుల సభ పెట్టారు. టవరు తరఫున నిలబడ్డ ఫర్నిచరు షాపు ఓనరు గోడంత రంగుల బొమ్మ తెచ్చాడు. అందులో ప్రతి బాల్కనీలోనూ ఒక చెట్టూ, నవ్వుతున్న ఒక కుటుంబమూ ఉన్నాయి. తర్వాత మావయ్య లేచాడు.

"ఇంతకీ కూల్చాలంటారా, వద్దంటారా?" అని ఎవరో అరిచారు.

"ఇంకా ఎనిమిది ఇళ్ళు కూర్చోవాలి. అప్పుడు చెప్తా."

హాలు గొల్లుమంది. "ఓడిపోయాక తీరిగ్గా కూర్చుందురుగాని!" అన్నాడు ఫర్నిచరు ఓనరు.

"అదీ నిజమే," అని ఒప్పుకుని మావయ్య కూర్చున్నాడు. మేనకోడలు రాసిచ్చిన జవాబు ఆయన జేబు దాటి బయటికి రాలేదు.

పోలింగు రోజు అభ్యర్థి మాయమయ్యాడు. మేనకోడలు బూతులన్నీ గాలించి, చివరికి సాయంత్రం నాలుగింటికి ఐదో బ్లాకు పై అంతస్తులో పట్టుకుంది. ఒక ముసలాయనకి చెంచాతో నీళ్ళు పడుతున్నాడు.

"ఇక్కడున్నారా! ఈ ఇంటావిడేది?"

"ఓటుకి పంపించా. పొద్దుట్నుంచీ ఇది ఏడో ఇల్లు."

"ఆవిడ టవరు మనిషి మావయ్యా! వాళ్ళకే వేస్తుంది!"

"వెయ్యనీ. గడప దాటి రెణ్ణెల్లైందిట పాపం. అవతలి పార్టీ అయితే మాత్రం, ఊపిరాడొద్దా?"

ఆయన కూర్చున్న ఇళ్ళన్నీ మేనకోడలికి వరసగా గుర్తొచ్చాయి. ప్రతి ఇంట్లోనూ లేవలేని మనిషొకరు, ఆ మనిషిని వదిలి కదల్లేని మనిషొకరు. ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

అంతలో ఇంటావిడ రొప్పుతూ వచ్చింది. "మీకు కాదండీ వేసింది, ఏమనుకోకండి."

"అనుకోనమ్మా. కాస్త గాలి తగిలిందా?"

"పార్కు చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చానండీ!" అంది, బహుమతి గెల్చుకున్నంత సంబరంగా.

మావయ్య ఐదు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. తాను బూతుకి పంపినవాళ్ళలో ఎవరు ఎవరికి వేశారో ఆరా తియ్యొద్దని మేనకోడలికి గట్టిగా చెప్పాడు. ఆవిడ ఒక పూట ఏడ్చి, అద్దె ఇళ్ళు వెతకడం మొదలుపెట్టింది.

వారం తిరక్కుండా, గెలిచిన ఫర్నిచరు ఓనరు భార్య మావయ్య గుమ్మంలో నిలబడింది. "ఇవాళ ఆయన ప్రమాణస్వీకారం. మా అత్తగారిని ఒక్కర్తినీ వదిలి వెళ్ళలేను. మిమ్మల్నడగడానికి మొహం చెల్లట్లేదు గానీ..."

"పదండమ్మా. మీ ఇల్లొకటి చూడకుండా మిగిలిపోయింది," అంటూ అప్పటికే చెప్పులేసుకున్నాడు మావయ్య. ఈ విడ్డూరమేదో కళ్ళారా చూద్దామని మేనకోడలూ వెంట వెళ్ళింది.

కొత్త కౌన్సిలరు పూలగుత్తితో ఆరో బ్లాకు నాలుగో అంతస్తులోని తన ఇంటికొచ్చేసరికి, వాళ్ళమ్మ మంచం పక్కన ఓడిపోయిన అభ్యర్థి కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"మీరా!"

"నేనే. ఇప్పటికి నా అభిప్రాయం తేలింది. చెప్పమంటారా?"

"ఎన్నికలైపోయాయి కదండీ."

"అందుకే, ఇక ఓట్ల కోసం అనుకోరు. ఇరవై మూడిళ్ళు కూర్చున్నా. ఇరవై మూడు మంది ఏళ్ళ తరబడి కిందికి దిగలేదు. మీ టవరు లేచేదాకా వీళ్ళని ఎక్కడికి మోసుకెళ్తారు? కూల్చడం మాని, ఉన్న బ్లాకులకి లిఫ్టులు పెట్టించండి."

"చూద్దాం లెండి. కమిటీ వెయ్యాలి, రిపోర్టు రావాలి..."

"ఒరేయ్," అంది మంచంమీంచి ముసలావిడ. "నీ రిపోర్టొచ్చేదాకా నేనుంటాననేనా? నేల మీద కాలు పెట్టి నాలుగేళ్ళైంది. ఆయన చెప్పింది రాసుకో."

కౌన్సిలరు పూలగుత్తి కింద పెట్టి జేబులు తడుముకున్నాడు. మేనకోడలు ఆలస్యం చెయ్యకుండా తన పెన్ను అందించింది. ఆయన ఒక ముక్క గీకి మూత పెట్టాడు.

"ఆరు బ్లాకులకీ అని రాశావా?" అంది వాళ్ళమ్మ.

ఆయన మళ్ళీ మూత తీశాడు.