ఆపమని చెప్పడం నేర్పిన పెద్ద డ్రైవర్

పెద్ద డ్రైవర్ చనిపోయిన సంగతి నాకు అందరికంటే ఆలస్యంగా తెలిసింది. ఆ ఉదయం మట్టి నమూనాల కోసం ఉప్పునుంతల వైపు మా విశ్వవిద్యాలయం జీపు నేనే నడుపుకుంటూ పోతున్నాను. సంచిలో ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. పక్కన కూర్చున్న జూనియర్ పిల్ల "అక్కా, నేను తియ్యాల్నా?" అంటే "ఊరొచ్చినంక చూద్దాంలే" అన్నాను. ఊరి మొదట్లో బండిని రోడ్డు దింపి, ఇంజను ఆపి చూస్తే, మా షెడ్డు వాచ్‌మన్ నుంచి నాలుగు కాల్స్ ఉన్నాయి. తిరిగి చేశాను.

"మీ కాక పొద్దుగాల పోయిండు బిడ్డా" అన్నాడాయన. "బండి మీద ఉండి ఫోను ఎత్తకుంటివి గద, మంచి పని చేసినవ్. ఉంటె సంతోషపడెటోడు" అని పెట్టేశాడు.

వనపర్తి దగ్గరి మా పరిశోధన కేంద్రంలో ఆయన ముప్పై ఏళ్లకు పైగా బండి నడిపాడు. జీతాల చిట్టాలో ఆయన పేరు ఏదైనా, మా అందరికీ కాకే. డ్రైవర్లలో పెద్దవాడు కాబట్టి కొత్తగా చేరిన సిబ్బందికైనా, ఫీల్డుకు పోయే విద్యార్థులకైనా తాళంచెవి ఇవ్వాలా వద్దా అని తేల్చేది ఆయనే. లైసెన్సు ఉండాలి, మా సార్ ఉత్తరం ఉండాలి, ఆ తర్వాత కాక సరే అనాలి. మొదటి రెండూ వారంలో దొరికేవి.

షెడ్డు గోడ మీద వాహనాలు నడిపేవారికి నిబంధనలు అని రెండు పేజీల కాగితం అంటించి ఉండేది. ఇంకెక్కడైనా అయితే కింద సంతకం పెట్టేసి వెళ్లిపోతాం. కాక దాన్ని గట్టిగా చదివించేవాడు, బడిలో పాఠం చదివించినట్టు. ఒక్కో నిబంధన దగ్గర ఆపి "ఎందుకు?" అనేవాడు.

"సీటు బెల్టు ఎందుకు?"

"ఫైన్ ఏస్తరు కాక."

"ఫైన్ ఏస్తె పండ్లు ఊడుతయా? బెల్టు లేకుంటె ఊడుతయి. మళ్ల చదువు."

జాబితాలో లేని మనిషిని ఎక్కించుకోవద్దు. బండి కదులుతుండగా ఫోను ముట్టొద్దు. చిన్న గీత పడినా ఆ రోజే రిజిస్టరులో రాయాలి. సొంత పనికి బండి వాడొద్దు. ఈ ఆఖరిదాని మీద ఒకసారి మా విభాగాధిపతికే ఎదురయ్యాడు. సార్‌కు గద్వాలలో పెళ్లి ఉంది, జీపు తీయమన్నారు.

"పెండ్లికి బస్సున్నది సార్."

"బస్సులో పట్టుబట్టలు నలుగుతాయయ్యా."

"నలిగితె ఇస్త్రీ ఉన్నది సార్. నేను గూడ అటే పోవాలె, మా ఇల్లు గద్వాలనే. రాండ్రి, సీటు ఆపుత మీకు."

సార్ బస్సులోనే వెళ్లారు. కాక నిజంగానే ముందు ఎక్కి, కిటికీ పక్కన తువ్వాల వేసి సీటు ఆపాడట.

నాకు ఒక్కచోట స్థిమితంగా కూర్చోవడం చేతకాదు. పీహెచ్‌డీలో చేరిన మొదటి నెలలోనే జీపు నేనే నడుపుతానని పట్టుబట్టాను. కాక పరీక్ష పెడతాడని అందరూ భయపెట్టారు. రివర్సు, మలుపులు, ఎత్తులో క్లచ్, అన్నీ తయారై పోయాను. తీరా చూస్తే నన్ను పక్క సీటులో కూర్చోబెట్టి ఆయనే స్టీరింగు పట్టుకున్నాడు. బీచుపల్లి వంతెన దాకా హైవే మీద తీసుకుపోయాడు. దారిలో బెల్టు తీసేశాడు. లారీని ఎడమ నుంచి దాటాడు. ఫోను చెవికి పెట్టుకుని, ఇంట్లోవాళ్లతో ఎండుమిర్చి గురించి ముచ్చట మొదలుపెట్టాడు. నేను డాష్‌బోర్డు పట్టుకుని, పళ్లు బిగబట్టి, మాట్లాడకుండా కూర్చున్నాను. వంతెన దగ్గర బండి ఆపి ఫోను నా ముందు పెట్టాడు. అది ఆఫ్ చేసి ఉంది.

"ఫేల్" అన్నాడు.

"నేను నడపనే లేదు కదా కాక!"

"నడుపుడు నీకొస్తది. గేటుకాడ నీ స్కూటీ చూస్తనే ఉన్న. ఆపుమనుడు రాదు నీకు."

"మీరు పెద్దోళ్లు. మీకెట్ల చెప్త?"

"నేను పెద్దోణ్ణని లారీకి తెల్వది బిడ్డా."

నాకు కోపమూ వచ్చింది, సిగ్గూ వేసింది. మాది కోడేరు దగ్గర ఊరు. మా అమ్మానాన్నలు పుణె వైపు మట్టిపనికి వలస పోయేవాళ్లు, సెలవుల్లో నేనూ వాళ్ల వెంబడి ఉండేదాన్ని. అక్కడ మేస్త్రీ ముందు నోరు విప్పకపోవడమే మంచి గుణం. యంత్రం ఎటు తిరిగినా మనమే పక్కకు జరగాలి. చదువు ఆ భయాన్ని పోగొట్టిందనుకున్నాను. హైవే మీద ఏడు కిలోమీటర్లలో కాక దాన్ని బయటికి లాగి నాకే చూపించాడు.

రెండోసారి "జర చూసుకోండ్రి" అని గొణిగాను. మళ్లీ ఫేల్. "చూసుకోండ్రి అనేటాలకు తగులుకుంటం. ముందల ఆపు అను. మర్యాద బండి ఆగినంక చెయ్" అన్నాడు. మూడోసారి బెల్టు మీద చెయ్యి పడగానే నేను వేసిన కేకకు రోడ్డు పక్క మేకలు కూడా అదిరిపోయాయి. కాక నవ్వుకుంటూ బండి ఆపి, తాళంచెవి నా ఒళ్లో వేశాడు.

ఈ పరీక్ష ఎందుకో చాలా రోజుల తర్వాత షెడ్డు వాచ్‌మన్ చెప్పాడు. ఆయనకు ఎడమకాలు మోకాలి కింద లేదు. ఒకప్పుడు అటెండరుగా ఉండగా, నిద్రమత్తులో ఒక ప్రొఫెసరు బండి నడుపుతుంటే ఈయన వెనక కూర్చున్నాడు, కాక పక్క సీటులో. సార్ కళ్లు మూతలు పడటం ఇద్దరూ చూశారు. సార్ కదా అని ఇద్దరూ ఊరుకున్నారు. బండి కల్వర్టుకు కొట్టుకుంది. "నేను ఒక్క కాలు పోగొట్టుకోని బయటపడ్డ. మీ కాక ఇంక బయటపడలే" అన్నాడు వాచ్‌మన్, చాయ్ ఊదుకుంటూ.

నిరుడు పత్తి తీసే రోజుల సంగతి ఇప్పుడు చెప్పాలి. నాకు రాయబుద్ధి కావడం లేదు, కానీ అది దాచి ఆయన్ను తలుచుకోవడం అబద్ధమవుతుంది.

కాకకు చాలా కాలంగా షుగరు. నాగర్‌కర్నూల్ దాటాక ఊరి బోర్డు వస్తే "ఏమని రాసిండ్రు బిడ్డా?" అని అడగడం మొదలుపెట్టాడు, ఊరికే ముచ్చటకు అడిగినట్టు. ఆ దారి ఆయనకు మూడు దశాబ్దాలుగా తెలుసు. స్పీడు బ్రేకరు మీదికి ఎక్కాక గానీ కాలు బ్రేకు మీదికి పోవడం లేదు. ఎదురుగా లైటు పడితే రోడ్డు అంచు తెల్లగీతను పట్టుకుని పోతున్నాడు. అన్నీ చూశాను. చూసీ రెండు వారాలు నోరు మెదపలేదు. ఆయన రిటైరు కావడానికి ఎనిమిది నెలలే ఉంది. ఆయన చేతిలోంచి స్టీరింగు తీసేదాన్ని నేను కావొద్దనుకున్నాను.

ఒకరోజు ఉప్పునుంతల నుంచి తిరిగి వస్తుండగా పొద్దు గూకుతోంది. పత్తి చేలోంచి ఆడవాళ్లు వరసగా రోడ్డెక్కి ఇళ్లకు పోతున్నారు, నెత్తిన మూటలతో, మా అమ్మ నడిచినట్టే నడుస్తూ. కాక కాలు బ్రేకు మీదికి పోలేదు. నేను కేక వేశాను. జీపు ఆఖరి మనిషికి జానెడు దూరంలో ఆగింది. ఆమె నెత్తి మీది మూట జారి బానెట్ మీద పడింది.

ఆమె తేరుకుని తిట్టు అందుకుంది. "ఏమయ్యా, కండ్లు కనవడ్తలెవ్వా?"

కాక దిగాడు. మూట ఎత్తి ఆమె నెత్తికి పెట్టాడు. "లేదమ్మా, కనవడ్తలెవ్వు" అన్నాడు.

ఆమె మూట సర్దుకుంటూ ఆయన ముఖంలోకి చూసింది. తక్కిన ఆడవాళ్లూ అట్లాగే నిలబడి చూసి, మెల్లగా కదిలిపోయారు. కాక బానెట్ మీద చెయ్యి ఆనించి చుట్టూ తిరిగి నా వైపు తలుపు దగ్గరికి వచ్చాడు.

"నీకు ఎరికేనా?"

"ఎరికే కాక."

"ఎన్ని దినాల సంది?"

"రెండు వారాలు."

"రెండు వారాలు నన్నెందుకు నడుపనిచ్చినవ్?"

నేను దిగి, అటువైపు పోయి స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆ రోజు వనపర్తి దాకా నేనే నడిపాను. ఆయన పక్క సీటులో బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. షెడ్డుకు చేరగానే రిజిస్టరు తీసి నా ముందు పెట్టాడు. "పొద్దున రాద్దాం కాక" అంటే "ఏ దినంది ఆ దినమే" అన్నాడు. డ్రైవరుకు చూపు ఆనడం లేదని, పక్కనున్న విద్యార్థిని బండి ఆపించిందని చెప్పి రాయించాడు. నేను పెన్ను మూత పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "రెండు వారాలది గూడ రాయి." రాశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం.

తర్వాత ఆయన్ను తాళాలిచ్చే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. తోటి డ్రైవర్లలో ఒకడు నాకు వినబడేలాగే అన్నాడు, "పెద్దాయన నోటికాడిది గుంజుకుంటివి గద పిల్లా" అని. కాక బల్ల వెనక నుంచే అందుకున్నాడు. "ఏం గుంజుకున్నదిరా? జీతం నాకు వస్తనే ఉన్నది. ఆ ఆడోళ్లు ఇండ్లకు పోయిండ్రు. నీకేం తక్కువైంది?" నోరు మూయించాడు సరే. కానీ గేటు దాటి ఏ బండి పోతున్నా ఆయన కుర్చీలోంచి లేచేవాడు. చప్పుడు పూర్తిగా ఆగేదాకా నిలబడేవాడు. రోజుకు పది పన్నెండుసార్లు అట్లా లేచి కూర్చోవడం నేను చూశాను.

రిటైరై గద్వాల వెళ్లిపోయాడు. కిడ్నీలు పాడయ్యాయని, వారానికి రెండుసార్లు దవాఖానకు తిప్పుతున్నారని తెలిసింది. పని మీద నేను రెండుసార్లు గద్వాల పోయాను. వాళ్ల వీధి మొదలు దాకా పోయి, ఒకసారి చాయ్ తాగి, ఇంకోసారి అదీ లేకుండా తిరిగి వచ్చాను. వాళ్లింటామె నా మీద కోపంగా ఉందని విన్నాను. అసలు సంగతి అది కాదు. బల్ల దగ్గర లేచి నిలబడే మనిషిని, ఇంట్లో లేవలేకుండా చూడటం నా వల్ల కాదనుకున్నాను. తెలిసీ నోరు మెదపలేదు అప్పుడు. తెలిసీ తలుపు తట్టలేదు ఇప్పుడు. ఈ రెండోది ఏ రిజిస్టరులో రాయాలో ఆయన చెప్పలేదు.

వార్త తెలిసిన మధ్యాహ్నం వాచ్‌మన్‌తో కలిసి గద్వాల బస్సెక్కాను. ఇంటి ముందు టెంటు కింద పడుకోబెట్టారు. ముఖం బాగా చిక్కిపోయింది. కాళ్ల దగ్గర ఆయన భార్య కూర్చుని ఉంది. నేను దూరంగా నిలబడితే ఆమే తలెత్తింది.

"నువ్వేనా ఆ పిల్ల?"

"నేనే చిన్నమ్మా."

"నీ మీద కోపముండె నాకు. ఇప్పుడు గూడ ఉన్నది, ఎందుకు అబద్ధమాడాలె. బండి ఇడిసినంకనే మనిషి కుంగిండు." ముక్కు చీదుకుంది. "ఈయనతోని అంటె 'బేడవే' అనెటోడు." ఆమెది రాయచూరు వైపు, ఇంట్లో వద్దు అనడానికి ఇద్దరూ ఆ కన్నడ మాటే వాడేవాళ్లు. "'బేడవే, ఆ పిల్లను ఏమనకు. రెండు వారాలు నా కోసం లోపల్లోపల సచ్చి ఉంటది' అనెటోడు."

నేను దగ్గరికి పోయి కింద కూర్చోబోయాను. ఆమె కాస్త జరిగి చోటిచ్చింది. ఆ తర్వాత నాతో కాదు, ఎదురుగా ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పుకుపోయింది. దవాఖానకు ఆటోలో పోయేటప్పుడు చూపు ఏమీ లేకున్నా మలుపు మలుపుకూ కుడికాలు కింద అదిమేవాడట. ఆఖరి నాలుగు రోజులు తెలివి లేదు. అయినా దుప్పటి కింద ఆ కాలు ఆడుతూనే ఉందట. "ఎవ్వరు అడ్డమొచ్చిండ్రో ఏమో" అంది.

పాదాలు రెండింటికీ పసుపు రాసి, బొటనవేళ్లు కలిపి తెల్లదారంతో కట్టారు. ఏళ్లపాటు పెడల్ కింద ఆనిన కుడి మడమ ఒక పక్క మాత్రం గుండ్రంగా, నల్లగా, రాయిలా కాయ కాసి ఉంది. పసుపు దానికి అంటలేదు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఆ కుడి పాదాన్ని అరచేత్తో మెల్లగా అదిమి పట్టుకునే ఉంది.