మైకమ్మ గొంతు పోయిన రోజు

ఇరవయ్యారేళ్ళ పాటు ఆమె బస్టాండులో ఒక గాజు గదిలో కూర్చుని, ఏ బస్సు ఎప్పుడొస్తుందో, ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పింది. పేరుకే గది. ఒక కుర్చీ, ఒక బల్ల, గోడకు అతికించిన బస్సుల పట్టిక, తుమ్మినా ఊరంతా వినబడుతుందని చేతిరుమాలు చుట్టిన మైకు, అంతే. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. కండక్టర్ల దగ్గర్నుంచి కట్టుకున్నవాడి దాకా అందరూ మైకమ్మ అనే పిలిచారు. తప్పిపోయిన పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాళ్ళేం బట్టలు వేసుకున్నారో మైకులో చెప్పేది. ఏ తల్లో ఏడుస్తూ పరుగెత్తుకొస్తే, మైకు ఆపకుండానే, "పిల్లాణ్ణి కొట్టకమ్మా, వాడూ భయపడ్డాడు" అనేది. బస్టాండంతా విన్నాక ఇక ఏ తల్లికీ చెయ్యి లేచేది కాదు.

ఆ మనిషికి నీళ్ళంటే భయం. ఆ సంగతి తెలిసే దేవుడు ఆమెకు పడవల పిచ్చివాణ్ణి జతచేశాడేమో అనిపిస్తుంది.

భర్త ఇంజన్ల మెకానిక్కు. షెడ్డు మూసేశాక, ఎవరో రేవులో వదిలేసిన మోటారు పడవను ఇంటికి తెచ్చి ఏడాదిపాటు దాన్ని బాగుచేశాడు. పడుకోవడానికి రెండు బల్లలు, ఒక స్టవ్వు, వాన పడితే లాక్కునే పరదా అమర్చాడు. అప్పట్నుంచి ప్రతి ఏడూ వానలు తగ్గాక పదిరోజులు నది మీదే కాపురం. మూడో మనిషి బస్తా. అది వాళ్ళ కుక్క. ఎక్కడ కూర్చున్నా బస్తా దించినట్టు దబ్బున కూలబడుతుందని ఆ పేరు. మైకమ్మ ప్రతిసారీ దండం పెట్టుకుని పడవెక్కేది, దిగాక మళ్ళీ దండం పెట్టుకునేది. రాకుండా ఇంట్లో ఉండొచ్చుగా అంటే, ఆయన్నొక్కణ్ణే పంపి ఇంట్లో కూర్చుంటే ఇంకా భయం అనేది.

ఆ ఏడు మాత్రం ఆమె భయపడింది నీళ్ళ గురించి కాదు.

చలికాలంలో ఒకరోజు మెకానిక్కు తలుపు వెనక తగిలించిన కోటును చూసి "రండి రండి, కూర్చోండి" అన్నాడు. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. వారం తిరక్కుండా గ్లాసులో పోయాల్సిన టీ బల్ల మీద పోశాడు. ఈసారి ఆమెకు నవ్వు రాలేదు. వేలితో తడిమి నట్టు సైజు చెప్పగల మనిషి కావడంతో బయటివాళ్ళెవరూ పసిగట్టలేదు. రెండుసార్లు కళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది. రెండుసార్లూ ఎవరి ఇంజనో పాడైందని తప్పించుకున్నాడు. గట్టిగా అడిగితే, "నా కళ్ళకేం, నీవాటికన్నా నయం" అని రెండురోజులు ముఖం ముడుచుకున్నాడు. పడవను నడపొద్దంటే ఆయన ప్రాణం తీసినట్టే. నడపనిస్తే ముగ్గురి ప్రాణాలూ గాల్లో దీపాలే. ఆమెకు ఏదీ నోట రాలేదు.

ప్రయాణం మొదటిరోజే పడవ తిన్నగా ఒక ఎర్ర డ్రమ్ము మీదికి పోసాగింది. లోతు లేని చోట తెలియడానికి నీళ్ళ మీద తేలేలా కట్టిన డ్రమ్ములవి. మైకమ్మ అరవబోయి ఆగింది. అరిస్తే ఆయన నొచ్చుకుంటాడు. ఆ క్షణంలో దేవుడే తోపించినట్టు కుక్క వైపు తిరిగింది. "ఒరేయ్ బస్తా, అటు చూడరా నాన్నా, ఎడమ చేతి పక్క ఎర్ర డ్రమ్ము. ఎంత దగ్గరికొచ్చేసిందో."

వెనక ఆయన చేతిలో స్టీరింగు చక్రం మెల్లగా కుడికి తిరిగింది.

అలా నాలుగురోజులు గడిచాయి. వంతెన స్తంభాలు, జాలరి వలలు, ఎదురొచ్చే పడవలు, కొట్టుకొచ్చే మొద్దులు, అన్నీ ఆమె బస్తాకు వర్ణించి చెప్పింది. బస్టాండు గొంతు కదా, ఇంజను హోరులోనూ ఖణీమని వినబడేది. "కుక్కకు పాఠాలు చెప్తున్నావా?" అని మెకానిక్కు వెక్కిరించాడు. "దానికీ నాలుగు విషయాలు తెలియాలిగా" అంది. ఆయన తెలిసే ఊరుకుంటున్నాడో, తెలియకో ఆమెకు అంతుబట్టలేదు. పగలంతా కన్నార్పితే ఏమవుతుందోనని భయం. సాయంత్రం పడవ కట్టేశాక, కళ్ళు మూసుకుంటే చాలు, ఎర్ర డ్రమ్ములే.

నాలుగోరోజు వానలో తడిసింది. అయిదోరోజు పొద్దున లేచి "ఏవండీ" అనబోతే గాలి తప్ప మాట రాలేదు. ఉప్పునీళ్ళు పుక్కిలించింది, వేడినీళ్ళు తాగింది. లాభం లేదు. మెకానిక్కు నవ్వాడు. "మైకు కాలిపోయిందా? పోన్లే, ఒక్కరోజు నదికీ నాకూ ప్రశాంతం."

ఆమె ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "ఈ రోజు ఇక్కడే ఆగుదాం" అని రాసి ఇచ్చింది. ఆయన దాన్ని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే, ఇవన్నీ సాయంత్రం ఊళ్ళో కొందాంలే" అని ఇంజను స్టార్ట్ చేశాడు.

మైకమ్మ ఆపుదామని ఆయన చెయ్యి పట్టుకుంది. జ్వరమేమో అనుకుని ఆయన నుదురు తడిమి చూసి, దుప్పటి తెచ్చి ఆమె భుజాల మీద కప్పి, "కూర్చో, నేనున్నాగా" అన్నాడు. అంత ప్రేమగా అన్న మనిషిని ఎలా కాదనాలో తెలియక ముందు వైపు వెళ్ళి కూర్చుంది. బస్తా ఆమె కాళ్ళ మీద కూలబడింది. మధ్యాహ్నం దాకా నది వెడల్పుగా, తిన్నగా ఉంది. ఆమె దేవుడికి చెప్పుకోని మాట లేదు.

మధ్యాహ్నం దాటాక ముసురు పట్టింది. వంపు తిరగ్గానే ఎదురుగా ఒక లాగుడు పడవ నదికి అడ్డంగా, ఎడమ ఒడ్డు నుంచి కుడి ఒడ్డుకు పోతోంది. దానికి చాలా వెనకగా అది లాక్కెళ్తున్న, ఇసుక నింపిన పెద్ద ఇనుప పడవ. రెంటికీ మధ్య ఖాళీ నీళ్ళు. ఆ ఖాళీలోంచి ఒక లావుపాటి ఇనుప మోకు పైకి తేలి, నీళ్ళు కారుస్తూ, మళ్ళీ మునిగింది. మెకానిక్కుకు కనబడింది రెండు మసక మచ్చలూ, మధ్యలో దారీ. పడవను తిన్నగా ఆ మధ్యకు పట్టించాడు.

ఆమె అరిచింది. పక్కనున్న కుక్కక్కూడా వినబడలేదు.

దుప్పటి ఎక్కడ పడిందో, తను ఎలా లేచిందో ఆమెకు తర్వాత గుర్తులేదు. వెళ్ళి చక్రం పట్టుకుంది. ఆయన ఆమె చెయ్యి తోసేశాడు. "వదులు. మధ్యలో బోలెడంత దారుంది."

ఆమె తల అడ్డంగా ఊపింది. చూడలేని మనిషికి తల ఊపి ఏం లాభం? రెండు చేతులతో ఇంజను పిడిని కిందికి లాగేసింది. హోరు తగ్గింది, కానీ పడవ ఆగలేదు. ప్రవాహం దాన్ని అదే దారిన తీసుకుపోతోంది. లాగుడు పడవ మీది మనిషి చేతులూపుతూ హారన్ మోగించాడు. మోకు మళ్ళీ లేచింది. ఈసారి ఆమె దాని మీది తుప్పు కూడా చూసింది. చక్రం ఎడమకు తిప్పింది. పడవ మాట వినలేదు.

మెకానిక్కు ఆ హారన్ విన్నాడు. తన చేతి మీద పడ్డ ఆమె చేతిని ఈసారి తోసెయ్యలేదు.

"ఎటు?" అన్నాడు.

ఆమె ఆయన ఎడమ భుజం మీద చరిచింది.

"తిప్పి గట్టిగా పట్టుకో. ఇంజను లేకపోతే తిరగదు. నేనిస్తున్నా." చక్రం ఆమెకు వదిలి, పిడిని పూర్తిగా పైకి తోశాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. గిన్నెలు దొర్లాయి. బస్తా జారి ఆయన కాళ్ళ మధ్య ఇరుక్కుని మూలిగింది. ఇసుక పడవ ఇనుప గోడ మీదికి వస్తూ వస్తూ, చెయ్యి చాపితే అందేంత దూరంలో పక్కకు జరిగింది. దాని తోక దాటగానే అలలు పడవను రెండుసార్లు ఎత్తి కుదేశాయి. తర్వాత ముసురు చప్పుడొక్కటే మిగిలింది.

"ఏముందక్కడ? మోకా?" అని అడిగాడు. ఆమె అవునన్నట్టు ఆయన భుజం మీద మెల్లగా తట్టింది. ఆయన మళ్ళీ చక్రం అడగలేదు.

రేవు ఇంకా గంట దూరం. పుట్టి బుద్ధెరిగి చక్రం ముట్టని మైకమ్మ ఆ గంటసేపూ నడిపింది. తిప్పే ముందు, ఎడమైతే ఆయన ఎడమ భుజం, కుడైతే కుడి భుజం తట్టేది. దాన్నిబట్టి ఆయన వేగం చూసుకున్నాడు. "చక్రం పిసక్కు, అది ఎక్కడికీ పారిపోదు" అన్నాడొకసారి. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. రేవులో ఆపడం ఆమెకు చేతకాలేదు. పడవ వెళ్ళి కొయ్య స్తంభానికి ధడాలున గుద్దుకుంది. అంచు బద్ద ఒకటి విరిగింది.

రేవు కాపలాదారు గొడుగు పట్టుకుని పరుగున వచ్చాడు. స్తంభం విరిగితే ఎవడు కడతాడు, మీ అబ్బ కడతాడా అన్న ధోరణిలో మొదలుపెట్టి, "ఎవరయ్యా నడిపింది? కళ్ళు కనబడవా?" అని అరిచాడు.

మైకమ్మకు ఆ మోకును చూసినప్పుడు కూడా అంత భయం వేయలేదు. ఆయన ఇప్పుడు ఏదో హాస్యమాడి తప్పించుకుంటే, రేపు పొద్దున మళ్ళీ చక్రం ముందు నిలబడతాడు. తను చెబుదామన్నా గొంతు లేదు. ఆయన వీపు వైపే చూస్తూ నిలబడింది.

మెకానిక్కు గడ్డం రుద్దుకున్నాడు. "నడిపింది మా ఆవిడ బాబూ, ఇవాళే మొదలు. కళ్ళు కనబడనిది నాకు."

కాపలాదారు తిట్టు సగంలో ఆగిపోయింది. గొడుగు కింద పెట్టి, తాడు తనే అందుకుని కట్టాడు. చెయ్యి చాచి, "మెట్టు పాచి పట్టింది అన్నా, నన్ను పట్టుకుని దిగు" అన్నాడు. మెకానిక్కు ఆ చెయ్యి పట్టుకుని దిగాడు. ఈ ఊళ్ళో కళ్ళ డాక్టరు ఉన్నాడా అని తనే అడిగాడు. పొద్దున్నే వెళ్తే త్వరగా చూస్తారనీ, తను దారి చూపిస్తాననీ కాపలాదారు చెప్పాడు.

బస్తా కూడా గెంతింది. మైకమ్మ ఒక్కతే దిగలేదు. మెకానిక్కు రెండుసార్లు పిలిచి, జవాబు రాదని గుర్తొచ్చి, తడుముకుంటూ మళ్ళీ పడవలోకి వచ్చాడు. ఆమె ఇంకా చక్రం పట్టుకునే ఉంది. వేళ్ళు బిగుసుకుపోయి విడిరావడం లేదు. ఆయన పక్కన నిలబడి, తొందరపడకుండా, ఒక్కొక్క వేలే విడదీశాడు.